పరాయి దేశంలో కాపురం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం, చదువు, పెళ్లి, కారణం ఏదైనా సరే, ఇంకో దేశానికి మకాం మార్చేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలివి. వీసా ఎలా వస్తుందన్న విషయం ఇందులో లేదు. వీసా చేతికొచ్చాక మొదలయ్యే రోజువారీ తలనొప్పుల గురించే రాశాను. దేశానికో రూలు ఉంటుంది కాబట్టి, ఉదాహరణగా చెప్పిన వాటిని మీరు వెళ్లే దేశపు ప్రభుత్వ వెబ్‌సైటులో ఒకసారి సరిచూసుకోండి.

బయల్దేరే ముందు ఏయే కాగితాలు రెడీ చేసుకోవాలి?

పాస్‌పోర్టు, వీసా ఎవరూ మర్చిపోరు. మర్చిపోయేవి వేరే ఉంటాయి: బర్త్ సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్, డిగ్రీ పట్టాలు, పోలీస్ క్లియరెన్స్, పిల్లల టీకాల కార్డు, పాత ఉద్యోగాల అనుభవ పత్రాలు. వీటిని జిరాక్స్ తీసి పెట్టెలో పడేసుకుంటే సరిపోదు. ఒక దేశపు అధికారి పెట్టిన సంతకం ఇంకో దేశంలో చెల్లాలంటే, అది నిజమైన సంతకమేనని ఎవరో ఒకరు పూచీ పడాలి. 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం ఆ పూచీ పేరు అపోస్టిల్. 120కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి. చైనాలో 2023 నుంచి, కెనడాలో 2024 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. మీ దేశం, మీరు వెళ్లే దేశం రెండూ సభ్యులైతే మామూలుగా ఆ ఒక్క ముద్ర చాలు. లేదంటే ముందు మీ విదేశాంగ శాఖ, తర్వాత వాళ్ల రాయబార కార్యాలయం, ఇలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ అటెస్టేషన్ చేయించుకోవాలి.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ఏమిటంటే, కాగితం ఏ దేశంలో పుట్టిందో ఆ దేశంలోనే ముద్ర పడాలి. విమానం ఎక్కేశాక ఈ పని చేయించాలంటే ఇంటి దగ్గర ఎవరో ఒకరు మీ తరఫున ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే. అనువాదం కూడా కావాల్సి వస్తే ముందు ముద్ర వేయించి, తర్వాత అనువాదం చేయించండి. ముద్ర మీద ఉన్న మాటలు కూడా అనువాదంలోకి రావాలని అడిగే ఆఫీసులున్నాయి. పైగా చాలా దేశాలు తమ దగ్గర నమోదైన అనువాదకుల సంతకమే ఒప్పుకుంటాయి. అందుకని అనువాదం వరకు అక్కడికి వెళ్లాకే చేయించుకోవడం మేలు.

నా పేరు ఒక్కో సర్టిఫికెట్లో ఒక్కో రకంగా ఉంది. ఇబ్బందా?

ఇబ్బందే. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున చిన్న బాణం గుర్తులతో రెండు వరసలు కనిపిస్తాయి, చూడండి. ఒక్కో వరసలో 44 అక్షరాల చోటు ఉంటుంది. పై వరసలో దేశం కోడ్ తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత రెండు బాణాలు, తర్వాత అసలు పేరు వస్తాయి. విమానాశ్రయంలో, బ్యాంకులో, ఇమిగ్రేషన్ ఆఫీసులో మెషిన్ చదివేది ఆ వరసనే. పైన అందంగా అచ్చేసిన పేరుతో దానికి పని లేదు. కాబట్టి టికెట్టు, ఉద్యోగ ఒప్పందం, ఇంటి అగ్రిమెంట్ అన్నీ ఆ వరసలో ఉన్నట్టే రాయించుకోండి. పొట్టి చేసిన ఇనిషియల్స్ వద్దు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లయితే, వీలుంటే బయల్దేరకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి. అక్కడి కంప్యూటర్లు ఆ ఖాళీని తమకు తోచిన దానితో నింపేస్తాయి. ఆ తర్వాత ప్రతి కార్డు మీదా అదే దిగుతుంది.

దిగాక ముందు ఏ పని చేయాలి? ఇల్లా, బ్యాంకా, ఫోనా?

అందరికీ తల ప్రాణం తోకకొచ్చేది ఇక్కడే. బ్యాంకు వాళ్లు అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు. ఇంటి ఓనరు బ్యాంకు ఖాతా, జీతం స్లిప్పు అడుగుతాడు. ఆఫీసులో జీతం వేయడానికి ఖాతా నంబరు, పన్ను నంబరు కావాలంటారు. పన్ను నంబరు రావాలంటే అడ్రస్ నమోదై ఉండాలి. ఒకదాన్నొకటి పట్టుకున్న పీటముడి ఇది. అన్నీ ఒకేసారి లాగితే ఇంకా బిగుసుకుంటుంది.

విప్పడానికి దొరికే కొస చాలాసార్లు తాత్కాలిక బస. అందుకే మొదటి నెలకు రూము బుక్ చేసేటప్పుడు అద్దె ఎంతని కాకుండా, ఈ అడ్రస్ మీద నా పేరు నమోదు చేసుకోనిస్తారా అని ముందు అడగండి. జర్మనీలో ఇల్లు చేరిన రెండు వారాల్లోపు స్థానిక ఆఫీసులో అడ్రస్ నమోదు చేసుకోవాలి. దానికి ఇల్లిచ్చినవాళ్ల సంతకంతో ఒక పత్రం కావాలి. జపాన్‌లో 14 రోజుల గడువు ఉంది. రోజువారీ అద్దె గదుల్లో చాలావాటికి ఆ పత్రం ఇవ్వడం కుదరదు. అక్కడ దిగితే నెలంతా వృథా.

ఆ కొస దొరికితే మిగతావి వరసగా కదులుతాయి: ప్రీపెయిడ్ సిమ్, అడ్రస్ నమోదు, పన్ను నంబరు, బ్యాంకు ఖాతా, ఆ తర్వాత అసలు ఇల్లు. ఖాతా వచ్చేలోపు గడవడానికి రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు దగ్గర పెట్టుకోండి. ఒకటి బ్లాక్ అయితే రెండోది ఆదుకుంటుంది. ఉద్యోగం, జీతం వివరాలతో కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం తీసుకుంటే ఓనర్లు, బ్యాంకులు కాస్త మెత్తబడతారు.

ఇంకొకటి. మీ క్రెడిట్ హిస్టరీ మీతో సరిహద్దు దాటదు. సొంత దేశంలో ఎన్ని లోన్లు సక్రమంగా కట్టినా, ఇక్కడ మీరు నిన్న పుట్టిన మనిషితో సమానం. చిన్న క్రెడిట్ కార్డో, డిపాజిట్ కట్టి తీసుకునే కార్డో మొదలుపెట్టి నెలనెలా కట్టుకుంటూ పోవాలి.

పాత దేశం ఫోన్ నంబరు ఉంచుకోవాలా?

ఉంచుకోవాలి. ఇందులో రెండో మాట లేదు. మీ బ్యాంకు, పన్నుల వెబ్‌సైటు, ఇన్సూరెన్స్, ఈమెయిల్ రికవరీ అన్నీ ఆ నంబరుకే ఓటీపీ పంపుతాయి. రీచార్జి లేకుండా వదిలేస్తే కంపెనీ కొంతకాలానికి దాన్ని వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఇచ్చేస్తుంది. అప్పుడు మీ ఓటీపీలు ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్తాయి. నంబరు మార్చుకుందామంటే, పాత నంబరుకు వచ్చిన ఓటీపీ చెప్పమంటారు. లేదా బ్రాంచికి స్వయంగా రమ్మంటారు. ఇంత చిన్న పనికి విమానం టికెట్ కొన్నవాళ్లు నాకు తెలుసు.

బయల్దేరే ముందే అన్నిటికన్నా చవక ప్లానుకు మారి, ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోండి. కొన్ని కంపెనీల్లో అది సొంత నెట్‌వర్క్‌లో ఉండగానే ఆన్ చేయాలి. వీలైతే పాత నంబరును ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) చేసుకుని, కొత్త దేశపు సిమ్ పక్కనే నడుపుకోండి. పాత నంబరు మీద డేటా రోమింగ్ మాత్రం కచ్చితంగా ఆపేయండి. కుదిరిన ప్రతిచోటా ఎస్సెమ్మెస్ ఓటీపీ బదులు, ఫోన్‌లోనే కోడ్లు తయారుచేసే అథెంటికేటర్ యాప్‌కు మారండి. యాప్ ఇచ్చే బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోను పోతే అవే దిక్కు.

ఇల్లు దూరం నుంచే మాట్లాడేసుకోవచ్చా?

మొదటి నెల బస వరకు పేరున్న బుకింగ్ సైట్లలో తీసుకోవచ్చు. ఏడాది లీజు మాత్రం కళ్లారా చూడకుండా వద్దు. ఓనరు తాను వేరే దేశంలో ఉన్నాననీ, అడ్వాన్స్ పంపితే తాళాలు కొరియర్ చేస్తాననీ అన్నాడంటే అది మోసమే అనుకోండి. ఇంటి ఫొటోలు ఎంత బాగుంటే అంత అనుమానించాలి. మీరే వెళ్లలేకపోతే, ఆ ఊళ్లో ఉన్న సహోద్యోగినైనా ఒకసారి గుమ్మం దాకా పంపండి.

తాళాలు చేతికొచ్చిన రోజు సామాను లోపల పెట్టకముందే వీడియో తీయండి. కరెంటు, నీళ్లు, గ్యాస్ మీటర్ల అంకెలు చదవగలిగేంత దగ్గరగా తీయండి. వాషింగ్ మెషిన్ తలుపు తెరిచి, రబ్బరు రింగు మడత లోపల ఉన్న నల్లటి బూజు, కిటికీ గడియ, స్నానాల గది గోడ మూలన ఊడిన సిలికాన్, గోడకున్న మేకుల బెజ్జాలు, ఓవెన్ లోపలి అడుగు, ఇవన్నీ తీయండి. ఆ రాత్రే ఓనరుకు ఈమెయిల్ చేయండి. పంపిన తేదీయే మీకు సాక్ష్యం. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ దగ్గర వచ్చే గొడవ చాలావరకు ఈ ఒక్క మెయిల్‌తోనే తేలిపోతుంది.

డిపాజిట్ రూళ్లు తెలుసుకుని మాట్లాడండి. జర్మనీలో మూడు నెలల అద్దెకు మించి అడగకూడదు. ఇంగ్లండ్‌లో చాలా ఇళ్లకు ఐదు వారాల అద్దె దాటకూడదు. ఆ సొమ్మును 30 రోజుల్లోపు ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకంలో పెట్టాలి. జపాన్‌లో డిపాజిట్ వేరు, రెయికిన్ వేరు. రెండోది ఓనరుకు ఇచ్చే కానుక లాంటిది, తిరిగి రాదు. అద్దెకిచ్చే ఇంట్లో ఏమేం ఉంటాయో కూడా దేశాన్ని బట్టి మారుతుంది. జర్మనీలో కొన్ని ఇళ్లకు వంటింటి గట్టు, సింకు కూడా ఉండవు. పాత కిరాయిదారు ఊడదీసుకుని వెళ్లిపోతాడు!

డబ్బు పంపేటప్పుడు ఎక్కడ నష్టపోతాం?

ఫీజు లేదని గొప్పగా చెప్పేచోట. లాభం మారకపు రేటులో దాక్కుంటుంది. ఆ రోజు మార్కెట్ రేటు ఎంతో చూసి, మీకు ఇచ్చే రేటుతో పోల్చండి. ఆ తేడా, ఫీజు రెండూ కలిపితేనే అసలు ఖర్చు తెలుస్తుంది. వలస కార్మికులు పంపే డబ్బు మీద ఖర్చును 2030 నాటికి 3 శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది. దాన్ని కొలబద్దగా వాడుకోండి. అంతకంటే చాలా ఎక్కువ పోతోందంటే ఇంకో సర్వీసు వెతుక్కోవాల్సిందే.

ఏటీఎంలోనో, షాపులోనో మీ సొంత దేశపు కరెన్సీలో బిల్లు వేయమంటారా అని స్క్రీన్ మీద అడిగితే వద్దనండి. స్థానిక కరెన్సీయే నొక్కండి. సొంత కరెన్సీ అంటే మనకు సులువుగా అనిపిస్తుంది కానీ, ఆ రేటు నిర్ణయించేది అవతలివాళ్లు.

పన్ను ఏ దేశంలో కట్టాలి? 183 రోజుల లోపు ఉంటే ఏమీ కట్టక్కర్లేదంటారు కదా?

అందరూ సగం విని వదిలేసే రూలు ఇదే. చాలా దేశాల్లో 183 రోజులు దాటితే మీరు పన్ను లెక్కల్లో నివాసి అవుతారు, నిజమే. కానీ దాటకపోతే కాదని అన్నిచోట్లా లేదు. సొంత ఇల్లు, కుటుంబం అక్కడుంటే తక్కువ రోజులకే నివాసి అని లెక్కేసే దేశాలున్నాయి. పన్ను సంవత్సరం కూడా అన్నిచోట్లా జనవరిలో మొదలవదు. బ్రిటన్‌లో అది ఏప్రిల్ 6న మొదలవుతుంది.

రెండు దేశాలూ మిమ్మల్ని తమ నివాసి అంటే, వాటి మధ్య ద్వంద్వ పన్నుల ఒప్పందం (ఒకే ఆదాయం మీద రెండుచోట్లా పన్ను పడకుండా చేసుకునేది) ఉందేమో చూడాలి. ఆ ఒప్పందాలు ఎక్కువగా ఒకే వరసలో తేలుస్తాయి: శాశ్వత ఇల్లు ఎక్కడుంది, రెండుచోట్లా ఉంటే మీ కుటుంబం, సంపాదన ఎక్కువగా ఎక్కడ ముడిపడి ఉన్నాయి, అదీ తేలకపోతే మామూలుగా ఎక్కడ ఉంటారు, చివరికి పౌరసత్వం ఏది. అమెరికా దారి వేరు. అమెరికా పౌరులు ఎక్కడ కాపురమున్నా అమెరికా ప్రభుత్వానికి రిటర్ను వేయాల్సిందే.

పాత దేశంలో ఖాతా ఉందని ఎవరికి తెలుస్తుందిలే అనుకోకండి. 2014లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సంస్థ) తెచ్చిన పద్ధతి కింద వందకు పైగా దేశాలు, ప్రాంతాలు వేరే దేశంలో పన్ను నివాసులైనవాళ్ల బ్యాంకు ఖాతాల వివరాలు ఏటా ఒకరికొకరు పంపుకుంటున్నాయి. ఖాతా తెరిచేటప్పుడు మీ పన్ను నివాసం ఎక్కడ అని బ్యాంకు అడిగేది అందుకే. మొదటి ఏడాది, తిరిగొచ్చే ఏడాది మాత్రం డబ్బు పెట్టి నిపుణుడి దగ్గరకే వెళ్లండి. మధ్యలో సంవత్సరాలు మీరే చూసుకోవచ్చు.

రోజూ వేసుకునే మందులు తీసుకెళ్లొచ్చా?

ముందు అక్కడ అవి చట్టబద్ధమేనా చూడండి. ఏకాగ్రత లోపానికి కొన్ని దేశాల్లో మామూలుగా రాసే ఆంఫెటమిన్ మందులు జపాన్‌లో పూర్తి నిషేధం. డాక్టర్ చీటీ చూపించినా లాభం లేదు. నొప్పికి, నిద్రకు వాడే మందుల్లో చాలావాటికి ముందుగా అనుమతి తీసుకోమనే దేశాలున్నాయి. మందులు అసలు ప్యాకింగ్‌లోనే ఉంచి, డాక్టర్ ఉత్తరంతో పాటు చేతి బ్యాగులో పెట్టుకోండి.

చీటీలో బ్రాండు పేరు రాయించుకుంటే అక్కడ ఎవరికీ అర్థం కాదు. మందు అసలు పేరు, మోతాదు రాయించండి. ఆ అసలు పేర్లు కూడా కొన్నిచోట్ల మారతాయి. పారాసిటమాల్‌ను అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. ఆయాసానికి పీల్చే సాల్బ్యుటమాల్ అక్కడ అల్బ్యుటెరాల్. షుగర్ ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. కొన్ని దేశాల మీటర్లు మిల్లీగ్రాముల్లో చూపిస్తాయి, కొన్నిచోట్ల మిల్లీమోల్స్‌లో. మిల్లీగ్రాముల అంకెను 18తో భాగిస్తే రెండోది వస్తుంది. అంటే ఇక్కడి 126 అక్కడ 7. కొత్త డాక్టరు 7 అని చెబితే అంత తక్కువా అని కంగారు పడకండి.

ఇన్సూరెన్స్ విషయంలో ఒక్కటే చెబుతాను. ట్రావెల్ పాలసీ కాపురానికి పనికిరాదు. అది ప్రయాణంలో జబ్బు చేస్తే చూసుకునేది. పాత జబ్బులు, కాన్పు ఖర్చు మామూలుగా దాని కిందికి రావు. ప్రభుత్వ పథకంలో పేరు ఎక్కేదాకా ఎన్నాళ్లు పడుతుందో కనుక్కుని, ఆ మధ్య కాలానికి వేరే పాలసీ తీసుకోండి.

నా డ్రైవింగ్ లైసెన్స్ చెల్లుతుందా?

కొంతకాలం. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అనేది మీ లైసెన్స్‌కు అనువాదం లాంటిదే, విడిగా అది లైసెన్స్ కాదు. దాన్ని లైసెన్స్ ఇచ్చిన దేశంలోనే తీసుకోవాలి. రోడ్డు ట్రాఫిక్ మీద దేశాలు చేసుకున్న 1949 ఒప్పందం కింద ఇచ్చేది ఏడాది చెల్లుతుంది, 1968 ఒప్పందం కింద ఇచ్చేది గరిష్ఠంగా మూడేళ్లు. మీ దేశం ఇచ్చేది ఏదో, వెళ్లే దేశం ఒప్పుకునేది ఏదో చూసుకోవాలి. అక్కడ నివాసి అయ్యాక గడువులోపు స్థానిక లైసెన్స్‌కు మారాలి. కొన్ని దేశాలతో నేరుగా మార్పిడి ఉంటుంది, లేదంటే పరీక్ష మళ్లీ రాయాల్సిందే. గడువు దాటాక యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేసే ప్రమాదం ఉంది.

ఇంట్లో కరెంటు సామాన్లు పనిచేస్తాయా?

చార్జర్ మీద సన్నటి అక్షరాల్లో 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే పిన్ మార్చే అడాప్టర్ చాలు. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు అలాంటివే. మిక్సీ, ఇస్త్రీ పెట్టె, హెయిర్ డ్రయర్ లాంటివి 230 వోల్టులకే చేసినవైతే అమెరికాలోని 120లో, జపాన్‌లోని 100లో సరిగా పనిచేయవు. వదిలేసి వెళ్లండి.

కుక్కనో పిల్లినో తీసుకెళ్లాలంటే?

ముందు మైక్రోచిప్, తర్వాతే రేబిస్ టీకా. వరస తారుమారైతే ఆ టీకా లెక్కలోకి రాదంటారు చాలా దేశాల్లో. రక్తపరీక్ష కూడా అడిగే దేశాలున్నాయి. కొన్ని దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌కు వెళ్లేటప్పుడు రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. కాబట్టి మీ వీసా కన్నా దాని పనులే ముందు మొదలుపెట్టండి.

భార్యకో భర్తకో అక్కడ ఉద్యోగం దొరుకుతుందా?

డిపెండెంట్ వీసా మీద పని చేయనిస్తారా అన్నది దేశాన్ని బట్టి, మీ వీసా రకాన్ని బట్టి మారుతుంది. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. డాక్టర్లు, నర్సులు, టీచర్లు, లాయర్లకు పని అనుమతి ఉన్నా చాలదు, స్థానిక లైసెన్స్ కూడా కావాలి. దానికి ఏళ్లు పట్టొచ్చు. పాత ఆఫీసు పనే ఇంటి నుంచి చేసుకుంటానంటే, అది కూడా ఆ దేశంలో చేసిన పని కిందే లెక్కేసే దేశాలు చాలా ఉన్నాయి. అడక్కుండా మొదలుపెట్టకండి.

నిజానికి ఇంట్లో ఎక్కువ నలిగేది ఈ రెండో మనిషే. ఒకరికి ఆఫీసుంటుంది, పిల్లలకు బడి ఉంటుంది. మిగిలినవాళ్లకు రోజంతా ఖాళీ ఇల్లు, తెలియని భాష, ఒకరి జీతం మీద ఆధారపడాల్సిన పరిస్థితి. ఖాతా ఇద్దరి పేరు మీదా తెరవండి. ఇంటి అగ్రిమెంట్లో ఇద్దరి పేర్లూ రాయించండి. భాష క్లాసులో ముందు చేరాల్సింది కూడా వాళ్లే.

అక్కడ పుట్టిన పిల్లలకు ఆ దేశపు పౌరసత్వం వస్తుందా?

కెనడా, బ్రెజిల్ లాంటి చోట్ల గడ్డ మీద పుడితే దాదాపు అందరికీ వస్తుంది. యూరప్, ఆసియాల్లో ఎక్కువ దేశాలు తల్లిదండ్రుల పౌరసత్వాన్నే చూస్తాయి. ఎక్కడ పుట్టినా మీ దేశపు కాన్సులేట్‌లో (తన పౌరుల పనులు చూసే రాయబార ఆఫీసు) నమోదు చేయించడం ఆలస్యం చేయకండి. గడువు దాటితే కొన్ని దేశాల్లో పని చాలా పెద్దదవుతుంది.

పోలీసులు పట్టుకుంటే మన ఎంబసీ విడిపిస్తుందా?

విడిపించదు. కాన్సులేట్ల గురించిన 1963 వియన్నా ఒప్పందం 36వ ఆర్టికల్ ప్రకారం, అరెస్టయితే మీ కాన్సులేట్‌కు కబురు చేయమని అడిగే హక్కు మీకుంది. వాళ్లు వచ్చి కలుస్తారు, లాయర్ల జాబితా ఇస్తారు, ఇంటికి సమాచారం చేరవేస్తారు. జరిమానా కట్టరు, కోర్టులో వాదించరు. పాస్‌పోర్టు పోయినా, పెద్ద విపత్తు వచ్చినా మాత్రం వాళ్లే దిక్కు. అందుకని దిగిన వారంలోనే వాళ్ల వెబ్‌సైటులో మీ అడ్రస్ నమోదు చేసుకోండి.

వెళ్లిన కొత్తలో బాగానే ఉంది. నాలుగు నెలలయ్యాక ఏడుపొస్తోంది. ఇది మామూలేనా?

మామూలే. నార్వేకు చెందిన స్వెర్రె లైస్‌గార్డ్ అనే పరిశోధకుడు 1955లో, అమెరికా వెళ్లొచ్చిన నార్వే వాళ్లను గమనించి, మొదట హుషారు, తర్వాత దిగులు, ఆపైన కుదురుకోవడం ఉంటాయని రాశాడు. అందరికీ ఇదే వరసలో జరగదని తర్వాతి పరిశోధనలు చూపించాయి. కొందరికి మొదటి వారాలే అన్నిటికన్నా గడ్డుగా ఉంటాయి. కాబట్టి ఇన్ని నెలలకు తగ్గిపోవాలని గడువు పెట్టుకోకండి.

పనికొచ్చేది నాకు తెలిసినంతలో ఒక్కటే. ప్రతి వారం అదే రోజు, అదే చోటికి, అదే మనుషుల మధ్యకు వెళ్లడం. అది ఆటల మైదానమో, లైబ్రరీయో, పాటల క్లాసో మీ ఇష్టం. ఇంటికి రోజంతా వీడియో కాల్స్ చేస్తే దిగులు తగ్గుతుందనుకుంటారు, చాలామందికి పెరుగుతుంది. కాల్‌కు ఒక టైమ్ పెట్టుకోండి. కొన్ని దేశాల్లో ఆ టైమ్ కూడా ఏడాదికి రెండుసార్లు ముందుకో వెనక్కో జరుగుతుందని ఇంట్లో ముందే చెప్పండి. అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం మారితే, యూరప్‌లో చివరి ఆదివారం మారుతుంది. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం వారాల తరబడి ఉంటే అది బెంగ కాదు, డాక్టరుకు చూపించాల్సిన విషయం.

ఇంటి దగ్గర అమ్మానాన్నలకు ఏమైనా అయితే?

రాత్రికి రాత్రి బయల్దేరగలిగేలా ఉండాలి. ఒక టికెట్‌కు సరిపడా డబ్బు ముట్టుకోకుండా పెట్టుకోండి. పాస్‌పోర్టులో ఎప్పుడూ ఆరు నెలలకు పైగా గడువు ఉండాలి. రెసిడెన్స్ పర్మిట్ రెన్యువల్‌లో ఉండగా దేశం దాటితే కొన్నిచోట్ల తిరిగి రానివ్వరు. దానికి విడిగా ఏ కాగితం తీసుకోవాలో ఇప్పుడే కనుక్కోండి. ఆస్పత్రి మెట్ల మీద నిలబడి వెతికే పని కాదది. బ్యాంకు, ఆస్తి పనులకు నమ్మకమైనవాళ్ల పేరున పవర్ ఆఫ్ అటార్నీ ముందే రాసిస్తే మంచిది. కానీ అన్ని అధికారాలూ గుత్తగా రాసివ్వకండి. ఏ పనికో, ఎన్నాళ్లకో స్పష్టంగా రాయించండి.

తిరిగి వెళ్లేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఇల్లు, కరెంటు, ఇంటర్నెట్, జిమ్ అన్నిటికీ నోటీసు గడువులుంటాయి. నెల నుంచి మూడు నెలల దాకా. రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు జవాబు తీసుకోండి. అడ్రస్ నమోదు ఉన్నచోట రద్దు చేయించుకోకపోతే మీరింకా అక్కడే ఉన్నట్టు బిల్లులు వస్తూనే ఉంటాయి. పిల్లల స్కూలు రికార్డులు, టీకాల వివరాలు, మీ మెడికల్ రిపోర్టులు, అన్ని జీతం స్లిప్పులు కాపీలు తీసుకోండి. ఆఫీసు ఈమెయిల్ ఆగిపోయాక అవి దొరకవు.

మీ జీతంలోంచి పెన్షన్‌కు కోసిన సొమ్ము సంగతి కూడా అడగండి. రెండు దేశాల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం ఉంటే అక్కడి ఏళ్లు ఇక్కడి లెక్కలో కలవొచ్చు. కొన్ని దేశాలు ఒకేసారి తిరిగి ఇస్తాయి. జపాన్‌లో అయితే దేశం విడిచిన రెండేళ్లలోపు దరఖాస్తు చేయాలి, పైగా ఆ సొమ్ము తీసుకుంటే అక్కడి ఏళ్లు చెరిగిపోతాయి. డిపాజిట్, పన్ను రీఫండ్ లాంటివన్నీ మీరు వెళ్లిన కొన్ని నెలలకు గానీ రావు. అవి జమ అయ్యేదాకా అక్కడి బ్యాంకు ఖాతా, అక్కడి ఫోన్ నంబరు రెండూ బతికే ఉండాలి.